తప్పించుకున్న చేపల లెక్క

రొయ్యల వలకి మంచీ చెడ్డా తెలియవు. సముద్రం అడుగున ఈడ్చుకుపోతుంటే ఎదురైనదాన్నల్లా మింగుతుంది. పైకి లాగి డెక్కు మీద కుమ్మరిస్తే బుట్టెడు రొయ్యల వెంట అంతకు ఎన్నో రెట్లు ఇతర ప్రాణులు పడతాయి. వేలెడంత చందువ పిల్లలు, గొరకలు, నెత్తళ్ళు, పీతలు, ఒక్కోసారి తాబేళ్ళు. రొయ్యల్ని ఏరుకుని, అమ్ముడుపోనివాటిని మళ్ళీ నీళ్ళలోకి నెట్టేస్తారు. అప్పటికి అవి చచ్చిపోయి ఉంటాయి. రేవులో వీటిని చెత్త చేపలంటారు. మా శాఖలో ‘అవాంఛిత పట్టుబడి’ అంటాం. రెంటిలో మా మాటే గౌరవంగా ఉంటుంది.

నేను మత్స్య సంరక్షణ శాఖలో సూపరింటెండెంటుని. శాకాహారిని. చేపల గురించి నాకు తెలిసినదంతా ఫైళ్ళలోంచి తెలిసినదే కనుక ఈ ఉదంతాన్ని ఏ పక్షపాతమూ లేకుండా చెప్పగలను.

మా శాఖలో డాక్టర్ హైమవతి అని ఒక వలల నిపుణురాలు ఉండేవారు. ఆవిడ ఎన్నో ఏళ్ళు చేపల నడవడి గమనించి ఒక సంగతి కనిపెట్టారు. వలలో చిక్కిన చేప కంగారుపడి పైకి ఈదుతుంది. రొయ్యకి అంత చురుకు లేదు, అడుగునే పడి ఉంటుంది. అందుచేత వల చివరి సంచికి పైభాగాన, ఈడ్చినప్పుడు మూసుకుపోని చదరపు కన్నులతో ఒక కిటికీ పెడితే చిన్న చేపలు తమంతట తామే బయటికి పోతాయి, రొయ్యలు మిగులుతాయి. తాబేళ్ళ కోసం సంచికి ముందు ఏటవాలుగా ఒక ఇనుప చట్రం, దాని పైన ఒక తలుపు. తాబేలు చట్రానికి తగిలి, తలుపు తోసుకుని వెళ్ళిపోతుంది.

కొత్తరేవులో కారి మసేను అనే బోటు డ్రైవరు దీన్ని మొదట తన బోటుకి కట్టుకున్నాడు. బోటు కూడా అతనిదే. ఊరికే ఒప్పుకోలేదు. కిటికీ పెడితే ఇల్లు దోచుకుపోతారు కదమ్మా అని వారాల తరబడి దాటవేశాడు. చివరికి హైమవతిగారే అతని బోటు ఎక్కి వేటకి వెళ్ళారు. దారి పొడుగునా వాంతులు చేసుకున్నారట. కానీ వల పైకి వచ్చేసరికి సంచిలో దాదాపు రొయ్యలే ఉన్నాయి. చేపల బరువు కింద పడి నలగని, మెరుస్తున్న రొయ్యలు. వల తేలికై ఇంజను కూడా సుఖపడింది. గంటల తరబడి చెత్త ఏరే పని తప్పింది. మసేను భార్య ముత్యాలమ్మ చిన్న చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. తన బేరం పోయిందని గోల పెడుతుందేమో అనుకున్నారు గానీ ఆవిడ, పిల్లల్ని ఒగ్గేస్తే పెద్దవై అవే వస్తాయి అని ఊరుకుంది. ఆ ఏడు కొత్తరేవులో సగం బోట్లు కిటికీలు కుట్టించుకున్నాయి.

అంతా సవ్యంగా జరుగుతోంది కనుక మా శాఖ దృష్టికి ఏమీ రాలేదు. అప్పుడు పరాంకుశంగారు కమిషనరుగా వచ్చారు.

పరాంకుశంగారు అంతకుముందు జైళ్ళ శాఖలో పనిచేశారు. దక్షులు. కాగితం ముట్టుకుంటే అందులో లోపం ఆయన వేలికి తగులుతుందని ప్రతీతి. మొదటి సమీక్షా సమావేశంలో హైమవతిగారు తన కిటికీ గురించి చెబుతూ, చిన్న చేపలు తప్పించుకుంటున్నాయని అన్నారు. ఆ మాటకి కమిషనరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఎన్ని తప్పించుకున్నాయి?” అని అడిగారు.

“చాలా అండీ. వలలో పడే చెత్త బాగా తగ్గింది కాబట్టి...”

“పడినవాటి సంగతి నేను అడగలేదు. తప్పించుకున్నవి ఇప్పుడు ఎక్కడున్నాయి?”

“సముద్రంలో ఉన్నాయండీ.”

“సముద్రంలో ఎక్కడ?”

కమిషనరుగారు చాలా శాంతంగా, విశదంగా మాట్లాడారు. ప్రభుత్వ ధనంతో వలకి కన్నం పెట్టారు. ఆ కన్నంలోంచి ఏదో బయటికి పోయిందని డాక్టరుగారు నమ్ముతున్నారు. నమ్మకం దేవాదాయ శాఖ పరిధిలోని విషయం. ఇది మత్స్య శాఖ. రేపు ఆడిట్ వారు వచ్చి రక్షించిన చేపలేవీ అని అడిగితే సముద్రం వైపు వేలు చూపిస్తామా?

హైమవతిగారు పాపం ఓపికగా చెప్పారు. పరిశోధన చేసేటప్పుడు కిటికీ బయట సన్నకన్ను వల ఒకటి తొడుగులా కడతారనీ, బయటికి పోయినవి అందులో పడితే లెక్కపెట్టుకుంటారనీ, నాలుగైదు సార్లు అలా చూసి లెక్క తేలాక ఆ తొడుగు తీసేస్తారనీ. చివరి మాట ఎవరికీ వినపడలేదు. కమిషనరుగారు అప్పటికే కళ్ళజోడు పెట్టుకుని నా వైపు తిరిగి, రాసుకోండి అన్నారు.

ఉత్తర్వు నా చేతి మీదుగానే వెలువడింది. ‘ఇందుమూలముగా సమస్త మరబోట్ల యజమానులకు తెలియజేయునదేమనగా, రొయ్యల వలలకు అమర్చిన విమోచన గవాక్షముల, కూర్మ ద్వారముల వెలుపల సన్నకన్ను గల ధ్రువీకరణ వలను శాశ్వతముగా అమర్చవలెను. విమోచనము పొందిన మత్స్యములను సదరు ధ్రువీకరణ వలయందు సేకరించి, రేవునకు తెచ్చి, గణన నిమిత్తము హాజరుపరచవలెను.’ గవాక్షం అన్న మాట నాదే. కమిషనరుగారు మెచ్చుకున్నారు.

ఉత్తర్వు వివరించడానికి నన్ను కొత్తరేవు పంపారు. వేలంపాట షెడ్డులో బోట్లవాళ్ళు కూర్చున్నారు. నేను చదివి వినిపించాక మసేను లేచాడు.

“తప్పించుకున్న సేపని మళ్ళీ పట్టీసుకుంటే, అది తప్పించుకున్నట్టేటి బాబూ?”

ప్రశ్న సహేతుకంగా ఉంది కనుక ముందే ఊహించి జవాబు సిద్ధం చేసుకున్నాను. గవాక్షం దాటిన క్షణాన విమోచనం సంపూర్ణమవుతుంది. ఆ తర్వాత చేపకి ఏమైందన్నది గవాక్షానికి సంబంధించిన విషయం కాదు. మసేను నా మొహంలోకి కొంతసేపు చూసి కూర్చున్నాడు. అర్థమైందనే అనుకున్నాను.

అలా కొత్తరేవు బోట్లు వల వెనక వల కట్టుకుని సముద్రంలోకి వెళ్ళాయి. రేవులో ఆ రెండో వలని పోలీసు వల అన్నారు. మొదటి వలలోంచి ప్రాణం దక్కించుకుని కిటికీ దూకిన చేప పిల్లలు రెండో వలలో ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చచ్చాయి. మామూలు వలలోనైనా పెద్ద కన్నుల్లోంచి కొన్ని జారిపోయేవి. పోలీసు వలలోంచి నెత్తళ్ళంత సన్న చేపలు కూడా పోలేదు. చచ్చినవాటిని రేవుకి తెచ్చి, ‘రక్షిత మత్స్యములు’ అని రాసిన నీలం బుట్టల్లో పోసి, మా ఇన్‌స్పెక్టరు ముందు హాజరుపరిచేవారు.

హైమవతిగారు కమిషనరుగారిని కలిసి, చేపలన్నీ చచ్చిపోతున్నాయని మనవి చేశారు. ఆయన కొట్టిపారేయలేదు. అది ఆయన పద్ధతి కాదు. రెండు రోజులు ఆలోచించి స్పష్టత ఇచ్చారు. రక్షణ ఒక ఘటన, మరణం వేరొక ఘటన. రక్షణ మొదట జరిగింది, మరణం తర్వాత జరిగింది. తర్వాత జరిగినది ముందు జరిగినదాన్ని రద్దు చేయజాలదు. కనుక ఇటువంటి సందర్భాలను ‘రక్షణానంతర మరణం’గా నమోదు చేయాలి. ఆ మరణాలకి కారణం వయసు, అనారోగ్యం, లేదా మానసిక ఆందోళన అయి ఉండవచ్చని కూడా ఆయన సూచించారు. జైళ్ళ శాఖలో ఇటువంటివి ఆయన చాలా చూశారు.

తర్వాత ఆ చేపల్ని ఏం చేయాలన్న సమస్య వచ్చింది. రక్షించినవాటిని అమ్మితే రక్షణకి అర్థం ఉండదు. తింటే మరీ ఉండదు. కనుక ‘పునరావాసం’ అనే కార్యక్రమం రూపొందింది. లెక్క పూర్తయిన రక్షిత మత్స్యాలను మా శాఖ పడవ మీద సముద్రంలోకి తీసుకువెళ్ళి, ఫోటో తీసి, నీళ్ళలో వదిలేవారు. పడవ ఒకటే, బుట్టలు వందలు. వంతు వచ్చేదాకా బుట్టలు జెట్టీ మీదే ఎండలో ఉండేవి. కాకులు వచ్చాయి. కుక్కలు వచ్చాయి. ఆ వాసనకి ఐసు ఫ్యాక్టరీ కూలీలు పని మానేశారు. నేను ముక్కుకి కర్పూరం బిళ్ళ కట్టుకుని వెళ్ళేవాణ్ణి.

ఒకనాడు ముత్యాలమ్మ నీలం బుట్టలోంచి కొన్ని గొరకలు తీసి తన తట్టలో వేసుకుంది. కుళ్ళిపోయే లోపల ఎండబెట్టుకుందామని ఆవిడ ఉద్దేశం. ఇన్‌స్పెక్టరు పట్టుకుని, ప్రభుత్వ సంరక్షణలో ఉన్న జీవులను అపహరించినట్లు కేసు రాశాడు. విచారణకి మా ఆఫీసుకి పిలిపించారు. సచ్చినోటిని ఎత్తుకుపోతే ఎవులికి నష్టం బాబూ అని ఆవిడ నన్ను అడిగింది. అవి రికార్డుల ప్రకారం చనిపోలేదని చెప్పాను. విమోచనం తేదీ ఉంది, పునరావాసం తేదీ రావాల్సి ఉంది. మధ్యలో ఉన్నవి ప్రభుత్వ అతిథులు. ఆవిడ వాటిని ఎండబెట్టబోయిందని రుజువైంది కనుక తట్ట జప్తు చేశారు.

ఈలోగా రేవుల మధ్య పోటీ మొదలైంది. ఏ రేవు ఎక్కువ చేపల్ని రక్షించిందో ప్రతి నెలా ప్రకటించేవారు. కొత్తరేవు వెనకబడింది. కమిషనరుగారు స్వయంగా వచ్చి కారణం అడిగారు. లోతు నీళ్ళలో ఇప్పుడు చిన్న చేప పెద్దగా లేదని బోట్లవాళ్ళు చెప్పారు. అయితే ఎక్కడుందని ఆయన అడిగారు. ఏరు సముద్రంలో కలిసేచోట, ఒడ్డు వారన, చేప పిల్లలు పెరిగేచోట ఉందన్నారు. అక్కడ వల వేయకూడదని మా శాఖదే పాత నిషేధం ఉంది. కమిషనరుగారు నిషేధాన్ని పరిశీలించి, అది వేటకి వర్తిస్తుందే తప్ప రక్షణకి వర్తించదని తేల్చారు. పైగా పసి చేపలకి కాక రక్షణ ఎవరికి అవసరమని అడిగారు. సభలో ఉన్నవాళ్ళం చప్పట్లు కొట్టాం.

బోట్లు ఏటి మొగలోకి వెళ్ళాయి. ఆ నెల కొత్తరేవు మొదటి స్థానంలో నిలిచింది.

అప్పుడు ఊహించని అడ్డంకి వచ్చింది. మొదటి వలలో రొయ్యలు పడితే సంచి బరువెక్కి, రక్షణ వేగం మందగిస్తోందని ఇన్‌స్పెక్టరు నివేదిక ఇచ్చాడు. రొయ్యల్ని ఏరే పనిలో పడి బోట్లవాళ్ళు రక్షిత మత్స్యాలను ఆలస్యంగా హాజరుపరుస్తున్నారు. కమిషనరుగారు హైమవతిగారిని పిలిపించి, రొయ్యలు వలలోంచి బయటికి పోయేలా అడుగుభాగాన ఇంకో గవాక్షం రూపొందించమన్నారు.

“సార్, అది రొయ్యల వల” అన్నారావిడ.

“పేరు మార్చుకోవచ్చు” అన్నారు కమిషనరుగారు.

ఆవిడ కుట్టనన్నారు. గొంతు పెంచలేదు గానీ కుట్టనన్న మాట మాత్రం రెండుసార్లు అన్నారు. ఆ రోజు నుంచి సమావేశాల్లో ఆవిడ కుర్చీ తలుపు దగ్గరికి మారింది.

చలికాలం వచ్చింది. తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వచ్చే రోజులు. కొత్తరేవు బెస్తవాళ్ళకి తాబేలు దేవుడితో సమానం. వలలో పడితే పసుపు కుంకుమ పెట్టి వదిలేవాళ్ళు వాళ్ళ తాతలు. ఒక తెల్లవారుజామున మసేను వల లాగిస్తుంటే పోలీసు వల బానలా ఉబ్బి కనిపించింది. పెద్ద తాబేలు. చట్రానికి తగిలి, హైమవతిగారి తలుపు తోసుకుని, సరిగ్గా ఆవిడ చెప్పినట్టే బయటికి వచ్చి, మా ధ్రువీకరణ వలలో ఇరుక్కుంది. తాబేలు గాలి పీల్చాలి. అది మెడ చాచి నీటిపైకి అందుకోబోతోంది, అందడం లేదు. కొట్టుకోవడం నెమ్మదిస్తోంది.

మసేను కత్తి నోట కరుచుకుని నీళ్ళలోకి దూకాడు. బోటులో ఉన్నవాళ్ళు వద్దని అరిచారు. నడుస్తున్న వల పక్కన దిగితే కాలు చిక్కుకుని మనిషే పోతాడు. అతను ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చేత్తో పోలీసు వలని ఈ కొస నుంచి ఆ కొస దాకా కోసేశాడు. తాబేలు కొంతసేపు చచ్చినదానిలా నీటి మీద తేలింది. తర్వాత తల ఎత్తి, పెద్దగా గాలి పీల్చుకుని, మునిగి వెళ్ళిపోయింది. బోటు మీద అందరూ చేతులు జోడించారట. మసేను అరచేయి తెగి రక్తం కారుతున్నా నవ్వుతూనే రేవుకి వచ్చాడు. ఈ సంగతి అందరికీ చెప్పుకున్నాడు. అదే అతను చేసిన పొరపాటు.

విచారణ కమిషనరుగారి గదిలో జరిగింది. నేను రాసుకుంటున్నాను. మసేను చేతికి కట్టుతో నిలబడ్డాడు. వలల నిపుణురాలు కనుక హైమవతిగారిని కూడా పిలిచారు.

“తాబేలుని రక్షించానంటున్నావు. తాబేలు ఏదీ?” అని కమిషనరుగారు అడిగారు.

“ఎల్లిపోనాది బాబూ.”

“ఎక్కడికి?”

“సముద్రంలోకి. దాని ఇల్లు అదే గదా.”

“చూసినవాళ్ళెవరు?”

“మావోళ్ళందరూ సూసినారు.”

“మీవాళ్ళు సాక్షులు కారు. సాక్ష్యం చెప్పాల్సిన వలని నువ్వే కోసేశావు.”

మసేను తల వంచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. “అది నాకేసి సూసింది బాబూ. మనిషి సూసినట్టే సూసింది. ఆ పొద్దు మీరు బోట్లో ఉంటే మీరూ కోసేద్దురు.”

కమిషనరుగారు ఈ ఆరోపణని ఖండించారు. తాను ఎన్నడూ అలా చేసి ఉండేవాడిని కానని రికార్డులో రాయమన్నారు. రాశాను. ఆ తర్వాత తీర్పు చెప్పారు. ప్రభుత్వ సాధనాన్ని ధ్వంసం చేయడం ఒక నేరం. ధ్రువీకరణ లేకుండా జీవిని విడుదల చేయడం మరొకటి. మసేను వేట లైసెన్సు తదుపరి ఉత్తర్వుల వరకు నిలిపివేయబడింది.

హైమవతిగారు లేచి నిలబడ్డారు.

“సార్, ఈ ఏడాది మన శాఖ మొత్తం మీద నిజంగా బతికి బయటపడిన ప్రాణి అదొక్కటే. దాన్ని బతికించినవాడి మీద మనం కేసు పెట్టాం.”

కమిషనరుగారు ఆవిడ ఆవేదనని అర్థం చేసుకున్నారు. అలిసిపోయారని, మార్పు అవసరమని అన్నారు. మర్నాడే బదిలీ ఉత్తర్వు ఇచ్చారు. మెట్ట జిల్లాలో మా శాఖకి లోతు సముద్రపు వేట శిక్షణ కేంద్రం ఒకటి ఉంది. అక్కడ తాగడానికి నీళ్ళు లారీ మీద వస్తాయి.

మసేను కొన్నాళ్ళు మా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. ఫైలు పరిశీలనలో ఉందని చెప్పేవాణ్ణి. నిజంగానే పరిశీలనలో ఉంది. కదలని బోటు ఎండకి పలకలు విచ్చింది. చివరికి దాన్ని అయినకాడికి అమ్ముకుని, ముత్యాలమ్మని వెంటబెట్టుకుని పడమటి తీరానికి వలస పోయాడు. అక్కడ ఎవరి బోటులోనో కలాసీగా చేరాడని విన్నాను. సొంత బోటు నడిపినవాడు మరొకరి బోటులో తాళ్ళు లాగుతున్నాడంటే కొత్తరేవులో చాలామంది ఆ రోజు అన్నం తినలేదట.

వేసవి దాటేసరికి ఏటి మొగలో చేప పిల్ల లేకుండా పోయింది. లోతు నీళ్ళలోనూ లేదు. పుట్టినవాటిని పుట్టినట్టు రక్షించేశాం. రొయ్య కూడా మాయమైంది, దానికి కారణం ఎవరూ అడగలేదు. నీలం బుట్టలు ఖాళీగా వచ్చాయి. మాకు ఆందోళన కలిగింది. లెక్క సున్నాకి పడిపోతే పై అధికారులకి ఏం చెప్పాలి? కమిషనరుగారు మాత్రం చిరునవ్వు నవ్వారు. ఈ పథకం ఉద్దేశం ఏమిటని మమ్మల్నే అడిగారు. అవాంఛిత పట్టుబడిని తగ్గించడం. ఇప్పుడు అవాంఛిత పట్టుబడి ఎంత? సున్నా. దేశంలో ఏ రేవూ సాధించనిది కొత్తరేవు సాధించింది.

సన్మానం వేలంపాట షెడ్డులోనే జరిగింది. కాకులు కూడా లేకపోవడంతో షెడ్డు చాలా శుభ్రంగా ఉంది. పెద్దలు మాట్లాడారు. కమిషనరుగారికి శాలువా కప్పి, సముద్ర రక్షక అని బిరుదు ఇచ్చారు. భోజనాల్లో రొయ్యల వేపుడు పెట్టారు, పక్క జిల్లా చెరువుల నుంచి ఐసులో తెప్పించి. బోట్లవాళ్ళు గేటు బయట నిలబడి చూశారు. వాళ్ళని లోపలికి పిలవడానికి ఆహ్వాన పత్రాలు చాలలేదు.

మొన్న మసేను ఫోను చేశాడు. లైసెన్సు సంగతి కనుక్కుందామని. పరిశీలనలోనే ఉందన్నాను. అతను పెద్దగా బాధపడలేదు. హైమవతమ్మగారు ఉద్యోగం ఒదిలీసి ఇక్కడికే వచ్చీసినారు బాబూ అని చెప్పాడు. అక్కడి బోట్ల సంఘంవాళ్ళు ఆవిడని పెట్టుకున్నారట. బోటు బోటుకీ కిటికీలు కుట్టిస్తున్నారట. మసేనుని మళ్ళీ డ్రైవరుగా తీసుకున్నారు. రొయ్యలు బాగా పడుతున్నాయి, పిల్ల చేపలు పోతున్నాయి, ముత్యాలమ్మ పెద్ద గొరకలు ఎండబెడుతోంది.

నాకు అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. “ఎన్ని పోతున్నాయి?”

అవతల ఇంజను చప్పుడు, ఎవరివో నవ్వులు వినిపించాయి.

“ఎవులు లెక్కెట్టినారు బాబూ. పోనీండి, బతుకుతాయి.”

మర్నాడు ఈ విషయం కమిషనరుగారికి విన్నవించాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. పొరుగు రాష్ట్రంలో ఇంత అరాచకం జరుగుతుంటే తెలిసీ ఊరుకోవడం ధర్మం కాదన్నారు. అక్కడి శాఖకి మన ధ్రువీకరణ వల నమూనా జతచేసి, తక్షణ చర్య కోరుతూ లేఖ పంపమన్నారు.

పంపాను. గవాక్షం అన్న మాట వాళ్ళకి తెలియదేమోనని బొమ్మ కూడా గీశాను.